నాలుగో ఫ్యాను

కెపాసిటరు పోయినట్టుంది, వచ్చి చూడమ్మా అని
ఇశ్రాయేలు గారు ఫోన్ చేస్తే
సంచీ భుజానేసుకోని సంతపేట నించి నడిచే పోయినా.
ఇన్నాళ్ళూ ఫ్యాన్లు దించి షాపుకే పంపేవాళ్ళు,
చర్చి లోపలికి రావడం నాకిదే మొదలు.
ట్రంకురోడ్డు రొద గేటు కాడ ఆగిపోయింది.
లోపల సున్నం, గబ్బిలాలు, పాత పుస్తకాలు
కలిసిన వాసన.

చెప్పులు ఇడవాల్నా అని అడిగినా.
ఇడిస్తే ఇడువు, ఆయనేమీ అనుకోడు అన్నాడు.
ఇడిసినా. బండలు చల్లగా ఉండాయి.
మే నెలలో, నెల్లూరులో, చల్లగా!

"ఆడమనిషివి, అంత నిచ్చెన..."
ఈడ తిరిగే పద్నాలుగు ఫ్యాన్లకీ వైండింగు చేసింది
మా నాయన పోయినాక ఈ చేతులే.
అది చెప్పకుండానే ఎక్కినా.

పైనించి చూస్తే గోడల్లో పాలరాతి పలకలు.
ఫలానా దొర, ఫలానా దొరసాని,
ఒక బిడ్డ, ఏడాదీ నాలుగు నెలలు, కలరా.
ఆ పలక అంచున ఒక బల్లి
నా మాదిరే పట్టుకోని ఉండాది.

అప్పుడు కనబడినాయి దూలానికి కొక్కేలు.
వరసగా ఆరు. రంగు మీద రంగు పూసి పూసి
లావెక్కిపోయినాయి.
ఇవేంది సార్ అంటే కిందనించి గొంతెత్తినాడు:
పంకా కొక్కేలమ్మా, కరెంటు రాకముందు గుడ్డ పంకా,
బయట ఒకడు కూచోని తాడు లాగేవాడు.

ఆ ఒకడి పేరు చెంచయ్య.
మా నాయనకి తాత.

జేజి చెప్పేది.
ఆదివారానికి ఒక అణా, క్రిస్మసుకి ఒక తువ్వాల.
వరండా మెట్టు మీద కూచోని లాగేవాడంట,
చేతులు పీకితే తాడు కాలి బొటనేలికి కట్టుకోని
కునుకుతా లాగేవాడంట.
లోపల ఏముందో చూడలా.
ఎవురూ రమ్మనలా, ఈయనా అడగలా.
ముప్పై ఏళ్ళు గోడవతల విని విని
కీర్తనలన్నీ నోటికొచ్చేసినాయి.
మడికాడ పిట్టల్ని తోలతా అవే పాడేవాడంట,
మొక్కు మాత్రం పోలేరమ్మకే.
"లోపలుండే సామికి ఉక్క ఎక్కువ, పాపం" అనేవాడంట.
దొర బిడ్డ పోయిన పొద్దు
ఆపమని ఎవురూ చెప్పలా గాబట్టి
చిన్న పెట్టె గడప దాటిందాకా లాగతానే ఉండాడంట.
ముసలితనంలో, నులకమంచం మీద, నిద్దట్లో గూడా
కుడికాలి బొటనేలు ఆడతానే ఉండేదంట.
ఇది చెప్పేటప్పుడు జేజి నవ్వేది.
మేమూ నవ్వేవోళ్ళం.

నిచ్చెన మీద నవ్వు రాలా.

ఆ తాడు యాడనించి లోపలికొచ్చేదో
ఎతకబోయినా. ఎతికే పని బల్లా.
నా ఫ్యాన్లకి వైరు వచ్చేది ఆ బొక్కలోనించే.
తెల్ల పైపు, చుట్టూ సిమెంటు,
సిమెంటు ఊడినకాడ రాయి బయటపడి
తాడు ఒరుసుకోని ఒరుసుకోని
నీళ్ళకుండ మూతి మాదిరి నున్నగా ఉండాది.
వేలు పెట్టి చూసినా. తీసేసినా.

కెపాసిటరు మార్చి, దిగి, బయటికి పోయినా.
ఆ మెట్టు మీద ఇప్పుడు మంచినీళ్ళ మిషను.
ఇచ్చినాయన పేరు ఎర్ర అక్షరాలతో
ఇంటిపేరుతో సహా రాసుండాది.
ఒక గ్లాసు తాగినా.

ఎంతమ్మా అన్నాడు ఇశ్రాయేలు గారు.
సామాను నూటిరవై, కూలి మూడొందలు.
దేవుడి పని గదా, కాస్త చూసుకో అన్నాడు.
మంచాయనే. అయినా తగ్గించలా.
ఇంకా కలపాల్సింది ఉండాది గానీ
ముప్పై ఏళ్ళకి ఆదివారాలెన్నో,
అప్పటి అణాకి ఇప్పుడెంతో,
పిల్ల పోయిన రోజు ఆదివారమో కాదో,
దానికి డబ్బులిచ్చినారో లేదో,
లెక్క తేలలా.

నాలుగో ఫ్యాను తిరగతా ఉండాది.
కొంచెం ఊగతది, బేరింగు చూడాల.
బేస్తవారం మళ్ళీ వస్తానని చెప్పినా.